ఇరుకు లోయలో నిటారు వాగు: మిత్రులతో కయాక్‌లో దిగేవారికి సమగ్ర మార్గదర్శి

నైరుతి రుతుపవనాలు కేరళను తాకిన కొద్ది వారాలకే కోజికోడ్ జిల్లాలోని కోడంచేరి, తిరువంబాడి పరిసరాల కొండవాగులు నిండుగా పారడం మొదలుపెడతాయి. వేసవిలో పిల్లలు రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ దాటే చాలిప్పుళ, ఇరువంజిప్పుళ జూలై నాటికి నల్లని బండల నడుమ తెల్లని నురగగా మారి, పక్కనున్న మనిషి మాట కూడా వినబడనంత హోరుతో దిగుతాయి. రెండూ చాలియార్ నదీవ్యవస్థకు చెందినవే. ఆ నీరంతా చివరకు బేపూర్ దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. 2013లో మొదలైన మలబార్ రివర్ ఫెస్టివల్ అనే కయాక్ పోటీల వల్ల ఈ వాగుల ఒడ్డునున్న పులిక్కయం, తుషారగిరి పేర్లు విదేశీ కయాకర్లకు కూడా పరిచయమయ్యాయి. కయాక్ అంటే రెండు చివరలా ఆకులున్న తెడ్డుతో ఒక్కరే కూర్చుని నడిపే చిన్న పడవ. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా తెలుగు మిత్రబృందం కొన్ని వానాకాలాలుగా ఇక్కడికే వస్తున్నది. అలా వస్తూ, కొన్నిసార్లు భయపడి నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. ఋషికేశ్ దగ్గర గంగలో అలలు పెద్దవి, నీరు లోతైనది. అక్కడ పడవ బోల్తాపడితే ప్రవాహం మనిషిని కొంత దూరం మోసుకుపోయి నిదానమైన నీటిలో వదులుతుంది. కొండవాగులో నీరు తక్కువ, వాలు ఎక్కువ. కిలోమీటరుకు ఇరవై మీటర్లు దిగితే అది నిటారు వాగే. కొన్ని చోట్ల అంతకు రెట్టింపు వాలు ఉంటుంది. అక్కడ పట్టు తప్పిన మనిషి లోతైన నీటిలో కాదు, రాళ్ళ మధ్య పడతాడు. రెండు పక్కలా గోడల్లాంటి బండలున్న ఇరుకులో ఒడ్డు అనేది పేరుకే ఉంటుంది. అందుకే ఇక్కడ దిగడం కంటే ఆగడం పెద్ద విద్య. ఎక్కడ ఆగాలి, ముందు ఎవరు ఆగాలి, ఆగిన చోటి నుంచి పైకి నడిచే దారి ఉందా అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఒక్క తెడ్డు కూడా వేయకూడదు.

మొదటి మెట్టు: మీరు సిద్ధమేనా

బోల్తాపడిన కయాక్‌ను లోపలే ఉండి తిరిగి నిలబెట్టడాన్ని రోల్ అంటారు. ఈత కొలనులో రోల్ వచ్చినంత మాత్రాన వాగుకు అర్హత రాదు. పారే నీటిలో, మీరు అనుకోని క్షణంలో, కుడివైపునా ఎడమవైపునా కూడా మొదటి ప్రయత్నంలోనే పైకి రాగలగాలి. వాగులో తలకూ రాయికీ మధ్య రెండడుగుల నీరు ఉండవచ్చు, ఒక్కోసారి అదీ ఉండదు. రెండో ప్రయత్నానికి వ్యవధి దొరుకుతుందని నమ్ముకోకూడదు.

రెండవ అర్హత ఎడ్డీలను పట్టడం. ప్రవాహం బండరాయిని ఢీకొని పక్కలకు చీలినప్పుడు, ఆ రాయి వెనుక నీరు ఎదురు తిరిగి నిలకడగా ఉంటుంది. అదే ఎడ్డీ. గంగలో అది గది అంత ఉంటుంది, వాగులో తలుపు అంతే ఉంటుంది. నీటి కష్టాన్ని ఒకటి నుంచి ఆరు వరకు కొలిచే అంతర్జాతీయ కొలమానంలో గ్రేడ్ 3 నీటిలో, మీరు ముందుగా చెప్పిన ఎడ్డీలో, చెప్పిన చోటే పదికి పదిసార్లు పడవను నిలపగలిగాకే గ్రేడ్ 4 వాగు గురించి ఆలోచించండి. మా బృందంలో ఒక తమ్ముడు రెండు శీతాకాలాలు ఋషికేశ్‌లో ఒకే రాపిడ్‌ను (నీరు నురగలు కక్కుతూ వడిగా పారే భాగాన్ని), ఒకే ఆరు ఎడ్డీలను మళ్ళీ మళ్ళీ పట్టుకుంటూ గడిపాడు. చూసేవారికి విసుగు పుట్టి ఉండవచ్చు. ఇవాళ ఇరువంజిప్పుళలో ముందు నడిచే బాధ్యత మేము అప్పగించేది అతనికే.

రెండవ మెట్టు: జట్టు

ముగ్గురికి తగ్గకూడదు, ఐదుగురికి మించకూడదు. ఒకరు చిక్కుకుంటే ఒకరు తాడు పట్టాలి, మరొకరు దగ్గరికి వెళ్ళాలి. కాబట్టి ముగ్గురు కావాలి. ఐదుగురు దాటితే వాగులోని చిన్న ఎడ్డీలలో పడవలకు చోటు చాలదు. ఎడ్డీ నిండిపోయి ఆఖరివాడు ఆగలేక కిందికి కొట్టుకుపోవడం పెద్ద బృందాలలో తరచుగా జరిగే ప్రమాదం. ఆరుగురు వస్తే ముగ్గురు చొప్పున రెండు జట్లుగా విడిపోండి.

బయలుదేరే ముందు ఒడ్డున నిలబడి పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ముందు ఎవరు, వెనుక ఎవరు, తాళ్ళు ఎవరి దగ్గర, మందుల సంచి ఎవరి పడవలో, మధ్యలో వాగు వదిలి రోడ్డెక్కే దారులు ఎక్కడ అన్నది ప్రతి ఒక్కరూ తమ నోటితో చెప్పాలి. అదే సమయంలో ఈ రోజు ఒంట్లో బాగాలేనివారు ఆ మాట చెప్పడానికి వీలుండాలి. "నేను ఇవాళ ఈ భాగం నడిచి వస్తాను" అన్నవారిని ఎవరూ కారణం అడగకూడదు. ఇది మేము గట్టిగా పాటించే నియమం. మొహమాటంతో పడవ ఎక్కినవాడి చేతులు ముందే బిగుసుకుపోతాయి.

సైగలు అందరికీ ఒకటే అయి ఉండాలి. తెడ్డును తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగమని, నిలువుగా ఎత్తితే రమ్మని అర్థం. దారి చూపేటప్పుడు వెళ్ళవలసిన వైపు మాత్రమే చూపాలి. ప్రమాదం వైపు ఎన్నడూ వేలు చూపకూడదు, ఎందుకంటే దూరం నుంచి చూసేవారు దానినే దారి అనుకుంటారు. నెత్తి మీద చేతితో తట్టుకుంటే "నేను బాగున్నాను" అని. ఈల ఒకసారి ఊదితే ఇటు చూడమని, మూడుసార్లు ఊదితే ఆపద అని. లోయ హోరులో ఈల కూడా ఒక్కోసారి వినబడదు కాబట్టి, వెనుకవారు కనబడనంత దూరం ఎవరూ పోకూడదు.

మూడవ మెట్టు: పడవ, సామగ్రి

వాగు కోసం చేసిన క్రీక్ కయాక్ ఎనిమిది అడుగులకు కొంచెం అటూ ఇటూ పొడవుండి, ముక్కు పైకి వంగి, బొద్దుగా ఉంటుంది. నీటిలో మునిగినా త్వరగా పైకి తేలడానికి ఆ బొద్దుతనం, రాళ్ళ మధ్య ముక్కు గుచ్చుకోకుండా ఉండడానికి ఆ వంపు. ముందూ వెనుకా ఉన్న లోహపు పట్టీలు గట్టిగా ఉన్నాయో లేదో ప్రతిసారీ లాగి చూడాలి. పడవ రాళ్ళలో ఇరుక్కున్నప్పుడు తాడు తగిలించేది వాటికే. పడవ వెనుక భాగంలో గాలి సంచులు తప్పనిసరి. గాలి సంచులు లేని పడవ బోల్తాపడితే నీటితో నిండి, లాగడానికి నలుగురు కూడా చాలనంత బరువెక్కుతుంది. ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను అని గుర్తుంచుకుంటే ఆ సంచుల విలువ తెలుస్తుంది.

లైఫ్ జాకెట్ గురించి తెలుగువారికి వేరే చెప్పవలసిన పని ఉండకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల లాంచీ మునిగినప్పుడు జాకెట్ వేసుకోని ఎందరో ఒడ్డు చేరలేకపోయారు. వాగుకు వాడేది కొంచెం భిన్నంగా ఉంటుంది: ఛాతీ చుట్టూ ఒక పట్టీ, లాగగానే ఊడిపోయే బకిల్, వెనుక తాడు తగిలించే రింగు ఉన్న రెస్క్యూ జాకెట్ కావాలి. ఆ పట్టీ ఎలా ఊడుతుందో కళ్ళు మూసుకుని చేయగలిగేవరకు సాధన చేయండి.

చెవులు, కణతలు, మెడ వెనుక భాగం కప్పే హెల్మెట్, మోచేతి పట్టీలు, మడమ నుంచి చీలమండ వరకు పట్టి ఉంచే గట్టి బూట్లు కావాలి. చెప్పులతో వచ్చినవారిని మేము పడవ ఎక్కనివ్వము, ఎందుకంటే వాగులో సగం పని కాలినడకనే జరుగుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరా పదిహేను నుంచి ఇరవై మీటర్ల తేలే తాడున్న త్రో బ్యాగ్ (నీటిలో పడినవారికి విసిరే తాడు సంచి), ఒక చాకు, ఈల ఉండాలి. జట్టు మొత్తానికి మూడు నాలుగు కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), రెండు కప్పీలు, రెండు ప్రూసిక్ తాళ్ళు (పెద్ద తాడు మీద బిగిసి పట్టే ముడి వేసే సన్న తాళ్ళు), విడదీసి పడవలో దాచుకునే ఒక అదనపు తెడ్డు, మందుల పెట్టె, నీరు చొరని సంచిలో ఫోను ఉంటే చాలు.

ఒక ఆరోగ్య జాగ్రత్త కూడా చెప్పాలి. కేరళలో వానాకాలం ఎలుక జ్వరం కాలం కూడా. ఎలుకల మూత్రం కలిసిన నీరు చర్మం మీది గాయాల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. మోకాళ్ళు, వేళ్ళు గీరుకుపోకుండా వాగు నుంచి బయటపడడం అరుదు. కాబట్టి బయలుదేరే ముందే వైద్యుణ్ణి కలిసి ముందుజాగ్రత్త మందు అవసరమో కాదో అడగండి. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, కండరాల నొప్పులు వస్తే వాగులో దిగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి.

నాలుగవ మెట్టు: వానను చదవడం

వాగును పోషించేది మీ నెత్తిన కురిసే వాన కాదు, మీకు కనబడని కొండ మీద కురిసే వాన. మీరు ఎండలో నిలబడి ఉండగా పైన కుండపోత కురిసి, ఆ నీరంతా ఒక్కసారిగా లోయలోకి దిగవచ్చు. మలయాళంలో దీనికి మలవెళ్ళప్పాచ్చిల్ అని పేరు, అంటే కొండనీటి పరుగు. కొండచరియలు విరిగిపడితే ఉరుళ్‌పొట్టల్ అంటారు. ఈ రెండు మాటలనూ మీ బృందంలో అందరూ నేర్చుకోవాలి. ఒడ్డున ఉన్న రైతు వాటిలో ఏ మాట అరిచినా, ఆలోచించకుండా పైకెక్కాలి. ఇక్కడికి ఎగువనున్న వెళ్ళరిమల కొండలకు అవతల, వయనాడ్‌లోని ముండక్కై, చూరల్‌మల గ్రామాలను 2024 జూలై 30 తెల్లవారకముందే కొండచరియలు తుడిచిపెట్టాయి. ఆ కొండల నీటిలోనే మనం దిగుతున్నామన్న స్పృహ ఉండాలి.

భారత వాతావరణ శాఖ లెక్కలో ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉన్న రోజున మేము వాగు ముఖం చూడము. పసుపు హెచ్చరిక ఉన్న రోజున పైభాగపు ఇరుకు లోయను వదిలి, కిందనున్న వెడల్పైన భాగంలోనే సాధన చేస్తాము. అడవి భాగంలోకి వెళ్ళేందుకు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, పంచాయతీ వారికీ చెప్పి ఉంచాలి. ఏదైనా జరిగితే మొదట వచ్చి ఆదుకునేది ఆ ఊరివారే.

ఉదయం ఒక వంతెన స్తంభం మీదనో ఒక బండ మీదనో నీటి మట్టాన్ని గుర్తుపెట్టుకోండి. దారిలో ఆగిన ప్రతిచోటా నీటి అంచున ఒక చిన్న రాయిని పెట్టి, బయలుదేరే ముందు దాన్ని మళ్ళీ చూడండి. రాయి మునిగిందంటే వాగు పెరుగుతోంది. తేటగా ఉన్న నీరు ఎర్రబడడం, ఆకులూ పుల్లలూ గుంపులుగా కొట్టుకురావడం, పచ్చిమట్టి వాసన, హోరు మారి గులకరాళ్ళు దొర్లుతున్న గరగర శబ్దం వినిపించడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా పడవను వదిలేసి అయినా సరే ఒడ్డెక్కాలి. నీటి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఉదయం మీరు సులువుగా ఆగిన ఎడ్డీ మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు.

ఐదవ మెట్టు: ఎడ్డీ నుంచి ఎడ్డీకి

ఇక్కడి సూత్రం ఒక్కటే. తరువాతి ఎడ్డీ కంటికి కనబడి, అందులో ఆగగలనన్న నమ్మకం ఉంటేనే ఇప్పుడున్న ఎడ్డీని వదలాలి. ముందువాడు దిగి ఆగి, తెడ్డు నిలువుగా ఎత్తిన తరువాతే రెండోవాడు కదలాలి. రెండోవాడు ఆ ఎడ్డీకి చేరేసరికి మొదటివాడు దాన్ని ఖాళీ చేసి కింది ఎడ్డీకి పోయి ఉండాలి, లేదా ఇద్దరికీ చోటుందని ముందే సైగ చేసి ఉండాలి.

ముందు నీరు గీత గీసినట్టు ఒక్కసారిగా మాయమైతే, ఆ గీతకు అవతల చెట్ల మొదళ్ళు కాక కొమ్మలు మాత్రమే కనిపిస్తే, అక్కడ దూకుడు, అంటే నీరు ఒక్కసారిగా కిందికి దూకే చోటు, ఉందని అర్థం. దాని ఎత్తు తెలియదు, అడుగున ఏముందో తెలియదు. ఆ గీతకు కనీసం రెండు ఎడ్డీల ఎగువనే ఆగి పడవ దిగండి. ఈ ప్రాంతంలో మరో ప్రమాదం కూడా ఉంది. ఊళ్ళ దగ్గర వాగు మీద మన వైపు చప్టాల వంటి తక్కువ ఎత్తు కాజ్‌వేలు, చెక్‌డ్యాములు ఉంటాయి. పైనుంచి చూస్తే వాటి మీది నీరు నునుపుగా, అమాయకంగా కనబడుతుంది. చప్టా కింది తూముల్లోకి లాగే నీటిలోనూ, చెక్‌డ్యాము కింద ఒడ్డు నుంచి ఒడ్డు వరకు ఒకే తీరుగా తిరిగే నీటిలోనూ చిక్కిన మనిషికి పక్కకు తప్పించుకునే దారి ఉండదు. అలాంటివి ఎంత చిన్నవైనా భుజాన పడవ వేసుకుని నడిచే దాటాలి.

ఆరవ మెట్టు: దిగి చూడడం

దూకుడును పై నుంచి కిందికి చూడడం అలవాటైన తప్పు. కింది మడుగు దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడి నుంచి పైకి చూడండి. మొదటి ప్రశ్న: పడవ బోల్తాపడి మనిషి బయటికి వచ్చేస్తే అతడు ఎటు కొట్టుకుపోతాడు? రెండవది: నీరంతా ఎక్కడికి పోతున్నది? దూకుడులోకి వెళ్ళే నీటికీ బయటికి వచ్చే నీటికీ పొంతన లేకపోతే, మిగిలిన నీరు రాళ్ళ సందుల్లోంచి అడుగున పోతున్నదన్నమాట. కయాకర్లు దాన్ని సీవ్ అంటారు. జల్లెడలో పిండి దిగి నూక మిగిలినట్టు, నీరు దిగిపోయి మనిషి మిగిలిపోతాడు. బండ కింది భాగం కోసుకుపోయి గుహలా ఉంటే అది అండర్‌కట్. బండకు తగిలిన నీరు మెత్తటి దిండులా ఉబికి వెనక్కి వస్తుంటే అది చాలావరకు గట్టి గోడ. ఉబకకుండా నిశ్శబ్దంగా లోపలికి పోతుంటే అనుమానించండి. వానాకాలంలో కూలిన వెదుళ్ళూ పోకచెట్లూ ఇరుకులో అడ్డంగా పడి ఉంటాయి. నిన్న లేని చెట్టు ఇవాళ ఉండవచ్చు, కాబట్టి నిన్న చూశామన్న మాట చెల్లదు.

తేల్చుకోలేకపోతే ఒక ఎండుకట్టెను పైనుంచి వదిలి చూడండి. కట్టె మడుగులో పడి గిరగిరా తిరుగుతూ బయటికి రాకపోతే మనిషీ రాడు. ఒకసారి మేము వదిలిన కట్టె పందొమ్మిది సార్లు మునిగి తేలింది. లెక్కపెట్టి, మాట్లాడుకోకుండా పడవలు భుజాన వేసుకున్నాము.

దిగాలని నిర్ణయిస్తే ముందుగా కాపలా పెట్టాలి. తాడు పట్టుకున్నవారు దూకుడు అంచున కాదు, మనిషి కొట్టుకువచ్చే మడుగు చివర, కాలు నిలదొక్కుకునే చోట నిలబడాలి. విసిరిన తాడు అతణ్ణి ఊపుకుంటూ ఏ ఎడ్డీలోకి చేరుస్తుందో ముందే చూసుకోవాలి. కాపలాకు మనుషులు చాలకపోతే ఆ దూకుడు ఆ రోజుకు లేనట్టే.

ఏడవ మెట్టు: బూఫ్

దూకుడు అంచున పడవ ముక్కు కిందికి గుచ్చుకోకుండా, బల్లపరుపుగా దాటించడాన్ని బూఫ్ అంటారు. అడుగున రాయి ఉన్నా, వెనక్కి లాగే నీరు ఉన్నా, దాన్ని దాటి అవతల పడడానికి ఇదే మార్గం.

అంచుకు నాలుగైదు తెడ్ల దూరం నుంచి వేగం పెంచండి. చూపు మడుగు మీద కాదు, అంచు మీద ఉండాలి. ఆఖరి తెడ్డు కోసం ఆగాలి. తొందరపడి ముందే వేస్తే పడవ ముక్కు వాలిపోతుంది. పాదాలు అంచును దాటుతున్నాయని అనిపించిన క్షణంలో ఒళ్ళు ముందుకు వంచి, తెడ్డును అంచు మీద నిలువుగా దించి, దాన్ని తుంటి దాకా ఒక్క ఊపున లాగాలి. అదే ఊపులో మోకాళ్ళు పైకి లేవాలి. గాలిలో ఉన్న ఆ ఒక్క క్షణంలో మళ్ళీ ముందుకు వంగి, తెడ్డును పడవకు సమాంతరంగా పక్కన పెట్టుకుని దిగాలి. వెనక్కి వాలి దిగితే నడుము దెబ్బతింటుంది. ఎత్తు మూడు నాలుగు మీటర్లు దాటి, కింద నురగ లేని గట్టి నీరుంటే బల్లపరుపుగా పడడం వెన్నెముకకు ప్రమాదం. అక్కడ ముక్కును కొంత వాల్చి దిగడమే మేలు. దిగగానే ఇంకో తెడ్డు వేయాలి. దిగానన్న సంతోషంలో చేయి ఆగితే, వెనుకనున్న నీరు పడవ తోకను పట్టి మళ్ళీ లోపలికి లాగుతుంది.

ఎనిమిదవ మెట్టు: చిక్కుకున్నప్పుడు

పడవ వదిలి నీటిలో పడితే వెల్లకిలా, పాదాలు దిగువ వైపు నీటి మీదికి పెట్టి తేలాలి. ఎడ్డీ దగ్గరపడగానే బోర్లా తిరిగి బలంగా ఈదాలి. మోకాలి కంటే లోతైన పారే నీటిలో ఎన్నడూ నిలబడకూడదు. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. ఎదురుగా చెట్టు అడ్డంగా ఉండి తప్పించుకోలేకపోతే, తల ముందుకు పెట్టి దాని వైపే ఈది, ఛాతీని దాని మీదికి ఎగరేసి ఎక్కాలి. తాడు అందితే ఛాతీ దగ్గర రెండు చేతులతో పట్టుకుని, దూరపు భుజం మీదుగా పోనిచ్చి వెల్లకిలా తేలండి, చేతికి చుట్టుకోవద్దు.

మా బృందంలో ఒక మిత్రుని పడవ ముక్కు రెండు రాళ్ళ మధ్య దిగబడిపోయిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. నీరు అతని వీపు మీద పడి, తల మీదుగా గొడుగులా విచ్చుకుని పోతున్నది. ఆ గొడుగు కింద అతనికి గాలి అందుతున్నది, కానీ ముందుకు వంగిన ఒళ్ళు నీటి బరువుకు లేవడం లేదు. ఆ రోజు నేను ముందున్నాను. ఒక ఎడ్డీ ఎక్కువ దిగిపోయాను. రెండు పక్కలా గోడలు. అతనికీ నాకూ మధ్య పది మీటర్లే ఉన్నా ఎగువకు నడిచే దారి లేదు. చేతిలో తాడు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అతనికి ఎగువ ఎడ్డీలో ఆగి ఉన్న ఇద్దరే అతణ్ణి కాపాడారు. ఒకరు బండ మీద పడుకుని అతని జాకెట్ భుజాన్ని పట్టుకుని తల పైకి నిలిపారు. రెండోవారు పడవ వెనుక పట్టీకి కారబైనర్ తగిలించి, అది వచ్చిన దారినే వెనక్కి లాగారు. మూడు నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ క్రమాన్నే మీరూ పాటించండి. ముందు ఊపిరి, తరువాత మనిషి, ఆఖరున పడవ. తల నీటిపైన నిలిచేలా చేతితోనో, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఛాతీ ఎత్తున బిగించిన తాడుతోనో ఆధారం ఇవ్వాలి. పడవను ప్రవాహానికి ఎదురుగానో, ఒక పక్కకు తిప్పుతూనో లాగాలి. చేతి బలం చాలకపోతే రెండు కప్పీలు, రెండు ప్రూసిక్ తాళ్ళతో ఒకటికి మూడింతల బలమిచ్చే లాగుడు కట్టాలి. దాన్ని ఇంటి దగ్గర చెట్టుకు కట్టి సాధన చేయనివారికి వాగులో చేతకాదు.

బయటికి తీసిన మనిషికి స్పృహ, శ్వాస రెండూ లేకపోతే ముందుగా నోటి ద్వారా శ్వాస ఇచ్చి, ఆ తరువాత ముప్పై ఛాతీ ఒత్తిళ్ళకు రెండు శ్వాసల చొప్పున ఆపకుండా కొనసాగించాలి. నీటిలో మునిగినవారికి మొదట కరువైనది గాలే. ఒకరు 112కో 108కో ఫోను చేయడానికి రోడ్డు వైపు పరుగెత్తాలి; లోయలో సిగ్నల్ దొరకడం అరుదు.

బయటికి వచ్చాక

చివరి ఎడ్డీలో అందరూ చేరాక తలలు లెక్కపెట్టండి. చీకటి పడడానికి కనీసం రెండు గంటల ముందే వాగు వదిలేలా ఉదయమే సమయం పెట్టుకోండి, ఎందుకంటే కనుమల లోయల్లో వానాకాలపు సాయంత్రం తొందరగా మసకబారుతుంది. ఉదయం పడవ ఎక్కేచోట మీ వివరాలు అడిగి పంపించిన ఊరివారికి క్షేమంగా దిగామని ఫోను చేయండి; లేకపోతే వారు చీకట్లో వెతకడానికి బయలుదేరుతారు. జలగలను పీకి, గాయాలు సబ్బుతో కడిగి, పొడిబట్టలు కట్టుకున్నాక త్రో బ్యాగులన్నీ విప్పి తాళ్ళను నీడన ఆరబెట్టండి. ఆరిన తాడును చుట్టలు చుట్టకుండా, చివర నుంచి కొంచెం కొంచెంగా సంచిలోకి కూరాలి. కూరుతూ ప్రతి మూరనూ వేళ్ళ మధ్య నడిపించి, ఎక్కడైనా నలిగిందేమో, పీచు లేచిందేమో చూసి, అనుమానం ఉన్న తాడును ఆ పూటే పక్కన పెట్టండి.